రంజాన్ నెలలో గుండెల్లో మంట



ఈ సావనీర్‌కు ఏటా పిల్లల చదువుల గురించే రాస్తూ వచ్చాను. ఈసారి కడుపు గురించి రాస్తున్నాను. కారణం ఉంది. పోయిన రంజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ నమాజు మధ్యలో మా పెద్ద భాయ్‌జాన్ వరుసలోంచి బయటికి వచ్చి మసీదు మెట్ల మీద కూర్చున్నారు. ఛాతీలో మంట, ఒళ్ళంతా చెమట. “ఇఫ్తార్‌లో మిర్చి బజ్జీలు ఎక్కువయ్యాయి, గ్యాస్ పట్టింది” అన్నారు. ఎవరో సోడా తెచ్చిచ్చారు. తాగారు, త్రేన్పు వచ్చింది, హాయిగా ఉందన్నారు. ఇంటికెళ్ళాక మళ్ళీ మొదలైంది. ఆస్పత్రిలో ఇసిజి తీసి గుండెపోటన్నారు. అల్లాహ్ దయవల్ల బతికారు. కానీ ఆలస్యమైన ఆ రెండు గంటల్లో గుండె కండరం కొంత దెబ్బతిన్నది.

ఆ రోజు సోడా కోసం పరుగెత్తిన వాళ్ళలో నేనూ ఒకడిని. అప్పటినుంచి ఈ విషయం గురించి చదివాను, డాక్టర్లను అడిగాను.

ముందు అసలు మంట సంగతి. గొంతు నుంచి కడుపులోకి దిగే అన్నవాహిక చివర ఒక కండరపు వలయం ఉంటుంది. అది మా బడి గేటు లాంటిది. ముద్ద వచ్చినప్పుడు తెరుచుకోవాలి, వెంటనే మూసుకోవాలి. జీర్ణాశయంలో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. దాన్ని తట్టుకోవడానికి జీర్ణాశయానికి లోపల జిగురు పొర ఉంది, అన్నవాహికకు అంత రక్షణ లేదు. గేటు వదులై ఆమ్లం పైకి ఎగదన్నితే రొమ్ము ఎముక వెనక మంట, నోట్లోకి పుల్లటి నీళ్ళు, కొందరికి రాత్రిళ్ళు పొడిదగ్గు. గుండెల్లో మంట అంటాం గానీ దీనికి గుండెతో సంబంధం లేదు.

రంజాన్‌లో ఇది పెరిగితే చాలామంది ఉపవాసాన్ని తప్పు పడతారు. నాకు తెలిసినంతలో తప్పు ఎక్కువగా ఉపవాసానికి అటూ ఇటూ మనం చేసే పనుల్లో ఉంది. పదమూడు, పద్నాలుగు గంటలు ఖాళీగా ఉన్న కడుపులోకి పది నిమిషాల్లో బజ్జీలు, సమోసాలు, హలీం, రెండు గ్లాసుల షర్బత్ పంపిస్తాం. నూనె, కొవ్వు ఉన్న తిండి కడుపులోంచి త్వరగా కదలదు. ఉబ్బిన కడుపు గేటును లాగుతుంది. ఆ కడుపుతోనే రుకూ, సజ్దాల్లో వంగుతాం. తరావీహ్ నుంచి వచ్చి మళ్ళీ భోజనం, వెంటనే పడక. తెల్లవారుజామున సహరీలో మిగిలిన బిర్యానీ, ఫజ్ర్ కాగానే మళ్ళీ పడక. నిలబడినా కూర్చున్నా ఆమ్లం బరువుకు కిందే ఉంటుంది. పడుకుంటే ఆ అడ్డు పోతుంది. తిన్నాక రెండు, మూడు గంటలైనా పడుకోవద్దని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఇఫ్తార్‌ను రెండు భాగాలు చేసుకోవడం మన సంప్రదాయంలోనే ఉంది. ఖర్జూరం, నీళ్ళతో ఉపవాసం విరమించి, మగ్రిబ్ నమాజు చేసి, తర్వాత నెమ్మదిగా తినడం. మధ్యలో ఆ కాస్త వ్యవధి కడుపుకు ఎంతో మేలు. సహరీ తర్వాత నిద్ర ఆపుకోలేని వాళ్ళు మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తు చేసుకోవాలి. రెండు దిండ్లు వేసుకుంటే మెడ మాత్రమే వంగుతుంది, పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే మంట తక్కువ. లుంగీ ముడి, బెల్టు వదులు చేసుకోవాలి. పొట్ట తగ్గితే మంటా తగ్గుతుంది. సిగరెట్ మానాలని వేరే చెప్పనక్కర్లేదు, కానీ ఇఫ్తార్ కాగానే మసీదు వెనక కనబడే గుంపును చూసి చెప్పాల్సి వస్తోంది.

మన ఇళ్ళలోని చిట్కాల్లో కొన్ని తిరగబడతాయి. పుదీనా ఆ గేటును ఇంకా వదులు చేస్తుంది. చల్లటి పాలు కాసేపు ఊరటనిచ్చినా తర్వాత ఆమ్లం మళ్ళీ ఊరుతుంది. తినే సోడాలో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళకు మంచిది కాదు.

ఇక మాత్రలు. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి తిండికి అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. బిర్యానీ తిన్నాక వేసుకుంటే సగం వృథా. రంజాన్‌లో ఇఫ్తార్ నీళ్ళతో మాత్ర వేసుకుని నమాజు తర్వాత తినవచ్చునా, సహరీకి ముందు వేసుకోవాలా అని మీ డాక్టరునే అడగండి. షాపులో కొని ఏళ్ళ తరబడి మింగే మందులు కావివి. మోకాళ్ళ నొప్పికి ఖాళీ కడుపున వేసుకునే నొప్పి మాత్రలు కూడా కడుపును పాడుచేస్తాయి. ముద్ద దిగడం కష్టమైనా, మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా వెంటనే చూపించుకోవాలి. జబ్బుగా ఉన్నవారు ఉపవాసాన్ని వేరే రోజుల్లో పూర్తి చేసుకునే వెసులుబాటు బఖరా సూరాలోనే ఉంది. ప్రాణం మీదికి తెచ్చుకోవడం భక్తి కాదు.

మళ్ళీ మా భాయ్‌జాన్ దగ్గరికి వస్తాను. మంట వంగినప్పుడు, పడుకున్నప్పుడు పెరిగితే ఆమ్లం కావచ్చు. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకి, ఆయాసం వస్తే గుండె అనుకునే కదలాలి. సోడాతో తగ్గినంత మాత్రాన గుండె కాదని చెప్పలేం. షుగర్ ఉన్నవాళ్ళకు గుండెపోటులో నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు కూడా. అలాంటప్పుడు 108కి ఫోన్ చేయాలి, గ్యాస్ మాత్ర వెతకకూడదు.

ఈ సావనీర్ చదివే మీలో చాలామంది ప్రతి ఏటా మసీదుల్లో ఇఫ్తార్ ఏర్పాటు చేసేవారే. మీ ఔదార్యానికి అల్లాహ్ ప్రతిఫలం ఇచ్చుగాక. ఒక చిన్న విన్నపం: ప్యాకెట్‌లో బజ్జీలు, సమోసాలు తగ్గించి ఆ డబ్బుతోనే ఖర్జూరాలు, అరటిపండు, పుచ్చకాయ ముక్క, ఉడికించిన శనగలు పెట్టించండి. ముందు పిల్లలు మొహం మాడ్చుకుంటారు, నాలుగో రోజుకు అలవాటు పడతారు. మా వీధి మసీదులో మంచినీళ్ళ డ్రమ్ము పక్కన ఇప్పుడు ఒక కాగితం అంటించాం. దాని మీద 108, కింద రాత్రివేళ కారు తీయగల ఇద్దరి ఫోన్ నంబర్లు ఉన్నాయి.