మోటారు బిగించేలోపు కొత్త సంపు జాగ్రత్త!

స్లాబు పడింది, సంపు కట్టడం అయింది. మేస్త్రి నీళ్లు నింపి, "చుక్క కూడా కారడం లేదు చూడండమ్మా" అని చూపించి తన డబ్బు తను పట్టుకుపోయాడు. ఇక మోటారు బిగిస్తే సరి. కానీ కరెంటు మీటరు రాలేదు, ప్లంబరు ఇంకో ఇంటి పనిలో ఉన్నాడు, పైపులకు డబ్బు సర్దుకోవాలి. అలా అలా రెండు మూడు నెలలు గడిచిపోతాయి. ఈలోగా సంపు వైపు తొంగిచూసేవాళ్లే ఉండరు. గృహప్రవేశం నాటికి మూత తీస్తే ఆకుపచ్చని పాచి, ఎండుటాకులు, ఒక్కోసారి చచ్చిన బల్లి! ఆ నీళ్లతోనేగా మనం పాలు పొంగించాల్సింది?

మొట్టమొదట నింపిన నీళ్లను వాడుక నీళ్లనుకోకండి. కొత్త సిమెంటులోని సున్నం నీళ్లలోకి దిగుతుంది. నాలుగు రోజులకి పైన తెల్లగా మీగడలాంటి పొర కడుతుంది. చేతికి జారుడుగా ఉంటుంది, చర్మం మండుతుంది కూడా. వీటిని వంటకీ తాగడానికీ వాడకూడదు. అలాగని కాలవలోకి తోడిపోయనక్కర్లేదు. గోడలకు, మేడమీద స్లాబుకు క్యూరింగు చేయడానికి ఇవి భేషుగ్గా పనికొస్తాయి. సంపు గోడలకు మాత్రం కనీసం వారం, ఎండాకాలమైతే రెండు వారాలు తడి ఆరనివ్వకుండా చూడండి. ఆ తర్వాతే తోడించడం.

మోటారు లేకుండా తోడడం ఎలా అంటారా? ట్యూబు వేసి నోటితో లాగితే రాదు, ఎందుకంటే సంపు నేల కిందుంది. బకెట్లతో తోడాలి, లేదా పూటకి అద్దెకిచ్చే పంపు తెప్పించుకోవాలి. సంపు ఇంకా కడుతూనే ఉంటే అడుగున ఒక మూలకి వాలు పెట్టించి అక్కడ చిన్న గుంట తీయించండి. ఆఖరి మురికి అంతా అందులోకే చేరుతుంది. ఈ మాట మేస్త్రికి ముందే చెప్పాలి. తర్వాత చెబితే "అలా కుదరదమ్మా" అంటాడు!

ఖాళీ చేసి వదిలేయడం మేలే, ఒక్క చోట తప్ప. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీరు ఉబుకుతుంది. అక్కడ ఖాళీ సంపును కింది నీరు పైకి తోసి పగుళ్లు తెప్పించవచ్చు. అలాంటి చోట కొంత నీరు ఉంచాల్సిందే. ఎంతన్నది ఇంజనీరుని అడగండి. తోటల్లో ఈతకొలను కట్టించుకునేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

నీళ్లు ఉంచితే దోమలు తయారు. మలేరియా గుట్టు దోమ కడుపులో ఉందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. పట్టణాల్లో ఆ మలేరియా దోమ, డెంగీ తెచ్చే తెల్లచారల దోమ రెండూ మురుగులో కాదు, ఇలాంటి మంచినీళ్లలోనే గుడ్లు పెడతాయి. గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి టార్చిలైటు వేసి చూడండి. మెలికలు తిరిగే సన్నటి పురుగులు కనిపిస్తే నీళ్లు తోడించేయడమే. అయితే చారల దోమ గుడ్లు గోడకి అంటుకుని, నీరు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి గోడల్ని నైలాను బ్రష్షుతో గట్టిగా రుద్దించాలి. ఇనుప బ్రష్షు వద్దు, ప్లాస్టరింగు గీసుకుపోతుంది. కొందరు కిరసనాయిలు పోయమంటారు. మనం తాగబోయే సంపులో ఆ పని చేయకండి.

పాచికి మందు చీకటి. వెలుతురు సోకని మూత పెడితే పాచి పట్టదు. పైపుల కోసం వదిలిన కన్నాలకి దోమతెర గుడ్డ కట్టండి. ఆ మూత బరువుగా ఉండి, తాళం కూడా పడాలి. ఆడుకుంటూ వచ్చే పిల్లలకు నీళ్లున్న సంపు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? గోనెపట్టా, ప్లైవుడ్డు ముక్క మూతలు కావు.

ఇక బ్లీచింగు. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో కొలిచి గుణించండి. ఘనపుటడుగుకి 28 లీటర్ల పైచిలుకు. 6, 5, 5 అడుగుల సంపయితే సుమారు 4,200 లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు లెక్కన దీనికి పది గ్రాములు చాలు. చారెడు గుమ్మరించడం చాదస్తం. ప్లాస్టిక్ బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోసి గంట ఆగండి. ప్యాకెట్టు విప్పాక రోజులు గడిచేకొద్దీ దాని సత్తువ తగ్గిపోతుంది, గట్టిమూత డబ్బాలో పెట్టుకోండి.

టైల్సు కడిగే యాసిడ్‌ని మాత్రం బ్లీచింగు దగ్గరికి రానివ్వకండి. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. సంపులాంటి ఇరుకు చోట అది ప్రాణాలు తీస్తుంది. అసలు మూసి ఉన్న సంపులో గాలే ఉండకపోవచ్చు. లోపల సెంట్రింగు చెక్కలు తడిసి కుళ్లుతుంటే మరీను. చెక్కలు తీయడానికి దిగినవాళ్లు, వాళ్లని కాపాడబోయి దిగినవాళ్లు ఒకరి వెంట ఒకరు పోయిన సంఘటనలున్నాయి. మూత తీసి గంటల తరబడి గాలి ఆడనివ్వాలి. ఫ్యాను పెట్టి గాలి కొట్టిస్తే ఇంకా నయం. దీపం దించి చూశాం, ఆరలేదు అన్న ధీమా పనికిరాదు. దిగే మనిషి నడుముకి తాడు కట్టి, పైన ఇద్దరు ఉండాలి. లోపల మనిషి కూలబడితే వెనకాలే దూకకుండా తాడుతో లాగి, 108కీ 101కీ ఫోను చేయాలి. కరెంటు బల్బు లోపలికి వేలాడదీయనివ్వకండి, టార్చి చాలు. కూలి తొందరపడి "ఏం కాదులెండమ్మా" అన్నా సరే, మూత తీసిన టైము చూసుకుని మీరే ఆపండి.