పాఠశాల మారినా సేవ తెగరాదు: ప్రైవేటు ఉపాధ్యాయుల భవిష్య నిధి, పింఛను, బీమా

బెంగళూరు, బళ్లారి, కోలారు వంటి నగరాల ప్రైవేటు పాఠశాలల్లో అనేకమంది తెలుగు ఉపాధ్యాయులు, ఉపాధ్యాయినులు పనిచేస్తున్నారు. ఒకే యాజమాన్యం వద్ద ముప్పై ఏళ్లు గడిపే అవకాశం వీరికి తక్కువ. ఇల్లు మారడం, జీవిత భాగస్వామి బదిలీ, మెరుగైన జీతం వంటి కారణాలతో పాఠశాలలు మారుతుంటారు. మారిన ప్రతిసారీ భవిష్య నిధితో పాటు పింఛను భాగాన్ని కూడా తీసివేసుకొంటే, చేతికి అందేది కొద్ది మొత్తం. కోల్పోయేది అంతవరకు కూడిన సేవాకాలం.

జీతం నుండి ఏది ఎక్కడికి

20 మంది లేదా అంతకు మించి సిబ్బంది గల పాఠశాలకు భవిష్య నిధి చట్టం వర్తిస్తుంది. ఉపాధ్యాయులే కాక ఆయాలు, డ్రైవర్లు, కార్యాలయ సిబ్బంది కూడా ఈ లెక్కలోకి వస్తారు. మూల వేతనం, కరవు భత్యం కలిపి నెలకు 15,000 రూపాయలైతే ఉద్యోగి వాటా 12 శాతం, అనగా 1,800 రూపాయలు. యాజమాన్యం అంతే మొత్తం చెల్లిస్తుంది. అందులో 1,250 రూపాయలు పింఛను పథకానికి, 550 రూపాయలు భవిష్య నిధికి చేరుతాయి. 2014 సెప్టెంబరు 1 తర్వాత 15,000 రూపాయలకు మించిన వేతనంతో తొలిసారి సభ్యులైన వారికి పింఛను భాగం ఉండకపోవచ్చు. పాస్‌బుక్‌లో ఈ విషయం తెలుస్తుంది.

పదేళ్ల గడప

1995 నాటి పింఛను పథకం ప్రకారం 58 ఏళ్ల వయసులో నెలవారీ పింఛను పొందడానికి కనీసం 10 సంవత్సరాల సేవ అవసరం. ఒక ఉపాధ్యాయిని అనంతపురంలో 4, బళ్లారిలో 3, బెంగళూరులో 4 ఏళ్లు పనిచేసినదనుకొందాం. ప్రతిచోటా పింఛను సొమ్ము తీసుకొని ఉంటే ఆమెకు పింఛను లేదు. సేవను కలుపుకొని ఉంటే 11 ఏళ్లు లెక్కకు వస్తాయి. పింఛను వేతనాన్ని సేవా సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. వేతనం 15,000 అయితే నెలకు సుమారు 2,357 రూపాయలు వస్తుంది. సేవ 20 ఏళ్లు నిండి 58వ ఏట విరమించిన వారికి మరో 2 ఏళ్లు అదనంగా కలుస్తాయి.

యూఏఎన్ అనే 12 అంకెల సంఖ్య రాష్ట్రం మారినా మారదు. కొత్త పాఠశాలలో చేరేటప్పుడు పాత సంఖ్యనే ఇచ్చి, ఖాతాను బదిలీ చేయించుకోవాలి. కొంతకాలం ఉద్యోగం మానేవారు పింఛను సొమ్ముకు బదులుగా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకొంటే సేవాకాలం భద్రంగా నిలుస్తుంది.

గ్రాట్యుటీ లెక్క వేరు

గ్రాట్యుటీ ఒక పాఠశాల నుండి మరో పాఠశాలకు బదిలీ కాదు. సాధారణంగా ఒకే యాజమాన్యం వద్ద 5 సంవత్సరాల నిరంతర సేవ కావాలి. మరణం లేదా అంగవైకల్యం సంభవిస్తే ఈ నియమం అడ్డురాదు. 2009 సవరణ ఉపాధ్యాయులకు ఈ హక్కును 1997 ఏప్రిల్ 3 నుండి వర్తింపజేసింది. 2022లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. చివరి వేతనం 26,000 అయితే, ఏడాదికి 15 రోజుల లెక్కన 15,000 రూపాయలు. 8 ఏళ్లకు 1,20,000 రూపాయలు. నాలుగున్నరేళ్లకు రాజీనామా చేయదలచినవారు ఈ లెక్క చూసుకొని నిర్ణయించుకోవడం మేలు.

కుటుంబానికి రక్షణ

భవిష్య నిధి సభ్యులు సేవలో ఉండగా మరణిస్తే, డిపాజిట్ అనుసంధాన బీమా కింద నామినీకి 7 లక్షల రూపాయల వరకు అందుతుంది. దీనికి ఉద్యోగి జీతం నుండి కోత లేదు. ఉద్యోగం మానిన తర్వాత ఈ రక్షణపై ఆధారపడరాదు. కనుక సొంత టర్మ్ బీమా అవసరం. తక్కువ ఆదాయం గలవారు కనీసం బ్యాంకు ద్వారా రెండు పథకాల్లో చేరవచ్చు: ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి (చేరిక వయసు 18–50), 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా (18–70). ఒక్కొక్కటి 2 లక్షల రూపాయల రక్షణ ఇస్తుంది.

సిబ్బంది 20 మందికి తక్కువైన చిన్న పాఠశాలల వారు పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతా తెరవవచ్చు. 18–40 ఏళ్ల వయసు గలవారు, ఆదాయపు పన్ను చెల్లింపుదారులు కానిచో, అటల్ పింఛను యోజనలో చేరవచ్చు.

పేరు, నామినీ, వదిలిన తేదీ

తెలుగువారి ఇంటిపేరు ముందు ఉంటుంది. కర్ణాటకలో పొడి అక్షరాలను పేరు చివర వ్రాయడం కద్దు. ఆధార్‌లో ఒక విధంగా, పాఠశాల రికార్డులో మరొక విధంగా ఉన్న పేరు క్లెయిమ్ సమయంలో చిక్కు తెస్తుంది. ఉద్యోగంలో ఉండగానే దిద్దించుకోవాలి. వివాహానంతరం నామినేషన్ కొత్తగా ఇవ్వాలి. కన్నడ పత్రాల్లో పింఛనును ‘పించణి’ లేదా ‘నివృత్తి వేతన’ అనీ, బీమాను ‘విమె’ అనీ వ్రాస్తారు. సంతకానికి ముందు గుర్తించాలి. పాత పాఠశాల వదిలిన తేదీ పోర్టల్‌లో నమోదు కాకపోతే, చివరి చెల్లింపు జరిగిన రెండు నెలల తర్వాత సభ్యులే నమోదు చేసుకోవచ్చు. ఖాతా బదిలీకి ఆ తేదీ అవసరం.