మాటలు వచ్చాయి సరే, ‘నే’ వచ్చిందా?

‘వో ఘర్ పర్ హై’ అంటే అతను ఇంట్లో ఉన్నాడని. చివరి మాటను కాస్త ముక్కుతో పలికి ‘వో ఘర్ పర్ హైఁ’ అంటే ఉన్నారని. ఆ ఉన్నది నలుగురు కావచ్చు, గౌరవంగా చెప్పుకునే ఒక్క పెద్దమనిషీ కావచ్చు. తేడా అంతా ఒక అరసున్నలో ఉంది. మనం పలకడం మానేసి, తరవాత రాయడం కూడా మానేసిన అరసున్న హిందీలో ఇంకా కూలికి వెళ్తోంది, అర్థాన్ని మోస్తోంది. పుట్టుకతో వినపడని హిందీ ఇంటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చాక ‘ఎన్ని మాటలు వచ్చాయి’ అని అందరూ అడుగుతారు. అడగవలసిందే. కానీ ఆ పిల్లలకు భాష వచ్చిందో లేదో తేలేది మాటల లెక్కలో కాదు, మాటను మాటతో అతికే ఇలాంటి చిన్న చిన్న చోట్ల. ఆ చోట్లు హిందీలో ఒక తీరు, ఇంగ్లిషులో ఇంకో తీరు. అందుకే ఇంగ్లిషు పిల్లల కోసం తయారైన కొలతబద్దతో హిందీ పిల్లల్ని కొలిస్తే తప్పు లెక్క వస్తుంది.

ముందు ఆ పరికరం చేసేదేమిటో చూద్దాం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో శబ్దాన్ని నాడికి అందించే రోమకణాలు సుమారు 3,500 ఉంటాయి. అవి పనిచేయనప్పుడు ఎంత పెద్ద వినికిడి యంత్రం పెట్టినా లాభం ఉండదు. ఇంప్లాంట్ ఆ కణాలను దాటేసి, లోపలికి దూర్చిన సన్నటి తీగ మీది ఎలక్ట్రోడ్లతో శ్రవణ నాడికి నేరుగా విద్యుత్తు అందిస్తుంది. కంపెనీని బట్టి ఆ ఎలక్ట్రోడ్లు 12 నుంచి 22 దాకా ఉంటాయి. వేల కణాల పని డజనో రెండు డజన్లో చేస్తున్నాయన్నమాట. శబ్దం ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ఎంత గట్టిగా ఉంది అన్నవి బాగానే అందుతాయి. స్వరంలోని సన్నటి తేడాలు చాలావరకు జారిపోతాయి. కచేరీలో తాళం తెలిసి గమకం తెలియకపోవడం లాంటిది ఇది. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు పరికరాన్ని స్విచ్ ఆన్ చేస్తారు. ఆ రోజు నుంచే పిల్లల ‘వినికిడి వయసు’ మొదలవుతుంది. నాలుగేళ్ల పిల్లకు ఏడాది కిందట ఆన్ చేస్తే చెవికి ఆమె ఏడాది పాపే.

ఈ రెండు వయసుల మధ్య ఎడం ఎంత తక్కువైతే అంత మేలన్న మాటకు గట్టి ఆధారాలే ఉన్నాయి. అమెరికాలో 188 మంది పిల్లల్ని మూడేళ్లపాటు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిన్నర లోపే ఇంప్లాంట్ అందినవాళ్ల భాష మిగతావాళ్లకంటే చురుగ్గా పెరిగింది. తల్లిదండ్రులు పిల్లలతో ఎంత బాగా కలిసి ఆడి మాట్లాడతారన్నది కూడా ఆ పెరుగుదలలో కనిపించింది. మెదడు స్పందనలను కొలిచిన పరిశోధకులు మూడున్నరేళ్లలోపు ధ్వని అందితే వినికిడి మార్గాలు మామూలుగా ఎదిగే అవకాశం ఎక్కువని, ఏడేళ్లు దాటితే అది బాగా తగ్గిపోతుందని చూపారు. అమెరికాలో 1990లో రెండేళ్లు నిండిన పిల్లలకే అనుమతి ఉండగా, 2000లో అది ఏడాదికి, 2020లో తొమ్మిది నెలలకు దిగింది. మన దేశంలో కేంద్రం వికలాంగుల పరికరాల పథకం కింద 2014 నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు ఆరు లక్షల రూపాయల దాకా భరిస్తూ ఇంప్లాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకుముందే ఆరోగ్యశ్రీలో దీన్ని చేర్చింది. డబ్బు అడ్డం కొంత తొలగింది. అయితే పుట్టిన ప్రతి బిడ్డకూ చెవి పరీక్ష చేసే పద్ధతి దేశమంతటా లేదు. పిల్లవాడు పిలిస్తే పలకడం లేదని ఇంట్లో అనుమానం రావడానికే రెండేళ్లు పడుతుంది. ‘వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి’ అనే ఓదార్పుతో ఇంకో ఏడాది గడుస్తుంది.

సరే, ఇంప్లాంట్ అందింది, మాటలూ వస్తున్నాయి. వ్యాకరణం ఏ వరసలో వస్తుంది? ఇంగ్లిషు పిల్లల మీద 2002లో వచ్చిన ఒక పరిశోధన ఇక్కడ దారి చూపుతుంది. వినికిడి బాగున్న ఇంగ్లిషు పిల్లలు బహువచనం తెలిపే ‘స్’ను ముందు పట్టుకుని ‘ఈజ్’, ‘యామ్’ లాంటి క్రియలను తరవాత నేర్చుకుంటారు. ఇంప్లాంట్ పిల్లల్లో ఈ వరస తిరగబడింది. నిండుగా వినపడే ‘ఈజ్’ ముందొచ్చింది, మాట చివర బుస్సుమని మాయమయ్యే ‘స్’ వెనకబడింది. అంటే ఆ పిల్లల బుర్రలో లోపమేమీ లేదు. చెవికి అందిన క్రమంలోనే వాళ్లు నేర్చుకుంటున్నారు. ఈ సూత్రాన్ని హిందీకి అన్వయిస్తే ఏం కనిపిస్తుంది?

కనిపించేది ఇంగ్లిషు బొమ్మ కాదు. హిందీలో విభక్తులన్నీ చిన్నవే: నే, కో, సే, మేఁ, కా, కే, కీ. ఊనిక లేకుండా గబగబా దొర్లిపోతాయి. అయినా ఒక్కొక్కటీ అచ్చుతో కూడిన పూర్తి అక్షరం, ఇంగ్లిషు ‘స్’లా గాలి చప్పుడు కాదు. లింగభేదమైతే వాక్యం పొడుగునా మళ్లీ మళ్లీ మోగుతుంది: ‘మేరీ ఛోటీ గుడియా టూట్ గయీ’ (నా చిన్న బొమ్మ విరిగిపోయింది), ‘మేరా ఛోటా ఖిలౌనా టూట్ గయా’ (నా చిన్న ఆటవస్తువు విరిగిపోయింది). ఒకచోట ‘ఈ’ జారిపోతే రెండోచోట దొరుకుతుంది, అక్కడా జారితే మూడోచోట. వినికిడి అరకొరగా ఉన్న పిల్లకు ఈ పునరుక్తి వరమని నా అంచనా. మన పిల్లలకు ‘తిన్నాను’లో ఆడా మగా తేడా నేర్చుకునే పనే లేదు, హిందీ పాప మాత్రం ‘ఖాతీ హూఁ’, తమ్ముడు ‘ఖాతా హూఁ’ అనాలి. అది అదనపు బరువే కానీ చెవికి అందే బరువు. అసలు చిక్కు వేరే చోట్ల ఉంది. ఒకటి మొదట చెప్పిన అరసున్న. రెండోది ఒత్తులు: ‘బాత్’ అంటే మాట, ‘భాత్’ అంటే అన్నం. మన మాటల్లో ఒత్తు పలక్కపోయినా అర్థం సాధారణంగా చెడదు, అక్కడ చెడుతుంది. మూడోది ‘నే’. ‘రామ్ నే రోటీ ఖాయీ’ అన్నప్పుడు తిన్నవాడు మగవాడైనా క్రియ రొట్టె వెంట పోయి స్త్రీలింగమవుతుంది. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసిన తెలుగువాళ్లకు ఈ ‘నే’ ఎంత తలనొప్పో వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లకైనా పుస్తకంలో సూత్రం ఉంది. పసివాడికి సూత్రం చెప్పేవాళ్లుండరు. వందలసార్లు వినీ వినీ తనే పట్టుకోవాలి, వాక్యం మధ్యలో ఆ చిన్న ‘నే’ వినపడితేనే పట్టుకోగలడు.

వాడుకలో ఉన్న కొలమానాల్లో ఇదేదీ బయటపడదు. ఆసుపత్రుల్లో విరివిగా వాడే శ్రవణ సామర్థ్య పట్టికలో సున్నా నుంచి ఏడు దాకా మెట్లుంటాయి. అడుగున చుట్టూ శబ్దాలున్నాయన్న ఎరుకే ఉండదు, పైన తెలిసినవాళ్లతో ఫోనులో మాట్లాడగలుగుతారు. పరికరం పనిచేస్తోందా అనడానికి అది చక్కటి సాధనమే. కానీ ఆరో మెట్టు మీదున్న పిల్లవాడు ‘నే’, ‘కో’ వదిలేసి ‘రామ్ సీతా మారా’ అంటే ఎవరు ఎవరిని కొట్టారో ఎవరికీ తెలియదు. పరికరాన్ని, వైద్యాన్ని ఖర్చు పెట్టి తెచ్చుకున్న ఇంట్లో పిల్లవాడు ‘అమ్మా’ అంటే చాలదా, ఈ వ్యాకరణ చాదస్తం దేనికి అని ఎవరైనా అడగొచ్చు. ఆ మొదటి ‘అమ్మా’ విలువను ఎవరూ తగ్గించలేరు. కానీ అదే పిల్లవాడు మరో మూడేళ్లకు బడికెళ్లి ‘ఎవరు ఎవరికి ఏమిచ్చారు’ అన్న లెక్క చదవాలి. అక్కడ తడబడితే టీచరు మందమతి అనుకుంటుంది, చెవిదాకా ఆలోచన పోదు.

ఇంకో అభ్యంతరం ఇంగ్లిషు గురించి. ఎలాగూ బడి ఇంగ్లిషులోనే కదా, ఒక్క భాషే మొయ్యగల పిల్లకు అదే నేర్పితే సరిపోదా అంటారు. రెండు భాషల ఇళ్ల ఇంప్లాంట్ పిల్లల మీద జరిగిన అధ్యయనాలు, ఇంటి భాషకు ఊతమిస్తే రెండో భాష దెబ్బతినదనే చెబుతున్నాయి. పైగా వినికిడి పెరిగేది థెరపిస్టు గదిలో వారానికి దొరికే గంటా రెండు గంటల్లో కాదు, రొట్టెలు చేస్తూ, తల దువ్వుతూ తల్లి మాట్లాడే పొద్దంతా. ఆమెకు ధారాళంగా రాని భాషలో మాట్లాడమని అడిగితే ఆ పొద్దంతా మూగబోతుంది. సైగల భాష వాదుల అభ్యంతరం ఇంతకంటే బరువైనది. చెవి తెరుచుకునేదాకా పసివాణ్ని భాషే లేకుండా ఎందుకుంచుతారని వాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. భారతీయ సైగల భాష సొంత వ్యాకరణమున్న సంపూర్ణ భాష. దాని కోసం 2015లో ఢిల్లీలో జాతీయ కేంద్రం కూడా ఏర్పడింది. ఇంప్లాంట్ ఆలస్యమైన పిల్లలకు, ఫలితం అంతంతమాత్రంగా ఉన్న పిల్లలకు అది తప్పనిసరి. కానీ వినికిడి లోపమున్న పిల్లల్లో తొంభై శాతానికి పైగా వినపడే తల్లిదండ్రులకే పుడతారు. ఆ ఇంట్లో ఎవరికీ రాని భాష రాత్రికి రాత్రి రాదు. సైగలు నేర్చుకుంటూనే హిందీనీ సరిగ్గా కొలవాలనడంలో నాకు వైరుధ్యం కనిపించదు.

సరిగ్గా కొలవాలంటే మాత్రం ఏ హిందీ అన్నది తేల్చుకోవాలి. 2011 జనగణనలో హిందీ మాతృభాషగా లెక్కించిన దాదాపు 53 కోట్ల మందిలో ఐదు కోట్ల మంది భోజ్‌పురీ అని చెప్పుకున్నవాళ్లు. రాజస్థానీ, ఛత్తీస్‌గఢీ, మగహీ కూడా ఆ గంపలోనే ఉన్నాయి. భోజ్‌పురీలో ‘నే’ లేనే లేదు. తల్లి నోట ఎన్నడూ వినని ప్రత్యయాన్ని పట్నా ఆసుపత్రి పరీక్షలో పలకలేదని భోజ్‌పురీ మాట్లాడే బల్లియా పిల్లకు మార్కులు కోస్తే, ఆ తప్పు పరికరానిదీ కాదు, పిల్లదీ కాదు. హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ చుట్టుపక్కల దక్కనీ మాట్లాడే ఇళ్లలో ‘మైఁ ఖానా ఖాయా’ అనే అంటారు, ‘మైఁనే’ అనరు. అక్కడి పిల్లవాడు ఇంప్లాంట్ పెట్టుకుని రెండేళ్లకు ‘మైఁ ఖానా ఖాయా’ అన్నాడనుకుందాం. ఢిల్లీలో అచ్చయిన ప్రశ్నపత్రంలో అది తప్పు. వాళ్ల అమ్మ చెవికి అది అచ్చం తన మాటే.