సూక్ష్మదర్శినిలో చూచుట యెట్లు?

జీవశాస్త్రము చదువు బాలికల నోటుపుస్తకములను తెఱచినచో ఉల్లిపొర కణముల పటము చక్కగా గీయబడి యుండును. ఇటుకలు పేర్చినట్లు గదులు, గదికొక చుక్క, ప్రక్కన పేర్లు, క్రింద ఉపాధ్యాయుల సంతకము. “అమ్మాయీ, ఇది నీవు చూచి గీచినదేనా?” యని తల్లి యడుగగా పిల్ల తల వంచుకొనుటయు గలదు. పుస్తకములోని బొమ్మను చూచి గీచిన పటము వేఱు, సూక్ష్మదర్శినిలో తన కంటితో చూచి గీచిన పటము వేఱు. ఈ భేదముపై నొకప్పుడు మనుష్యుల ప్రాణములే యాధారపడి యుండును. అది యెట్లో చివర మనవిచేసెదను. సోదరీమణులారా, మొదట నాయంత్రమును వాడు విధమును తెలిసికొందము.

సూక్ష్మదర్శినియందు కన్ను ఆనించుచోట నుండునది అక్షికటకము. చూడబడు వస్తువునకు దగ్గఱగా నుండునది వస్తుకటకము. అక్షికటకము 10 రెట్లును, వస్తుకటకము 10 రెట్లును పెంచునవైనచో వస్తువు 100 రెట్లు పెద్దదిగా కనబడును. వస్తుకటకము 40 రెట్లు పెంచునదైనచో 400 రెట్లగును. వస్తువు నుంచుట కొక బల్ల, దాని క్రింద వెలుతురును తగ్గించుటకు డయాఫ్రము, ఇంకను క్రింద అద్దమో దీపమో, ప్రక్కన పెద్ద మర, చిన్న మర యుండును. యంత్రమును ఎత్తునపుడు ఒక చేతితో పిడిని పట్టుకొని, రెండవ చేతిని పీఠము క్రింద నుంచవలెను. అద్దమును ఆకాశపు వెలుతురు వైపునకు త్రిప్పవలెనే గాని సూర్యుని వైపునకు ఎన్నడును త్రిప్పరాదు, కన్ను చెడును.

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములవారు పరీక్షకు వలయు వస్తువులను వెలపెట్టి కొననక్కఱలేదు. తెనాలి వంటయింటి యుల్లిగడ్డయు, రేపల్లె చెఱువునీరును, బాపట్ల వరిమడిలో పెంచు అజొల్లాయు చాలును. ఒక్కొక్కటి యొక్కొక్క పాఠమును నేర్పును.

ఉల్లిగడ్డను నిలువుగా కోసి, ఒక పొరను విడదీసి, దాని లోపలి గుంటవైపున నంటియున్న పలుచని పొరను మెల్లగా లాగవలెను. గోరంత ముక్కను గాజుపలకపై నీటిబొట్టులో ముడుతలు లేకుండ పఱచి, ఒక చుక్క టింక్చరు అయొడిను వేయవలెను. పిమ్మట పలుచని కప్పుగాజును, ఒక యంచు నీటికి తగులునట్లు వాలుగా పట్టుకొని, నెమ్మదిగా వదలవలెను. ఒక్కసారిగా పడవేసినచో గాలిబుడగలు చిక్కుకొనును. నల్లని మందపు టంచుతో గుండ్రముగా కనబడు నా బుడగలనే కణములని క్రొత్తవారు భ్రమపడుదురు.

ఎల్లప్పుడును తక్కువగా పెంచు కటకముతోనే మొదలుపెట్టవలెను. ప్రక్కనుండి చూచుచు వస్తుకటకమును గాజునకు తగులకుండ దగ్గఱకు తెచ్చి, తరువాత కన్ను ఆనించి, పెద్ద మరతో దానిని దూరము చేయుచు పోవలెను. కన్ను ఆనించియే దగ్గఱకు తెచ్చినచో కప్పుగాజు పగులును, కటకము చెడును. బొమ్మ కనబడగానే చిన్న మరతో స్పష్టపఱచుకొనవలెను. రెండవ కన్నును మూయకుండ చూచుట అలవాటైనచో కన్నులు త్వరగా అలయవు. కణముల కొలతయు తెలియవచ్చును. పారదర్శకమైన స్కేలు నుంచి చూడగా కనబడు వలయము అడ్డముగా 2 మిల్లీమీటర్లున్నదనుకొందము. ఆ వలయమును 8 కణములు వరుసగా నింపినచో ఒక్కొక్కటి పావు మిల్లీమీటరు పొడవన్నమాట. 1665లో రాబర్టు హుక్ అను ఆంగ్లేయుడు బెండుముక్కలో ఇట్టి గదులను చూచియే వానికి ‘సెల్’ అను పేరు పెట్టెను.

చెఱువునీరు ఓర్పును నేర్పును. పాచిని కొంచెము పిండి, ఆ నీటిబొట్టును చూచినచో అందు ఈదులాడు ప్రాణులు కనబడును. పలకను కుడికి జరిపినచో బొమ్మ ఎడమకు పోవును. ఏలయన నీయంత్రములో బొమ్మ తలక్రిందుగను, కుడియెడమలు మాఱియు కనబడును. గాజువలె స్వచ్ఛమైన యీప్రాణులు ఎక్కువ వెలుతురులో కనబడకపోవును గాన డయాఫ్రమును కొంత మూయవలెను. అవి మఱీ వడిగా పరుగెత్తుచున్నచో నీటిలో దూదిపోగులు రెండు మూడు వేసినచో వానిమధ్య చిక్కి నెమ్మదించును. హాలండులోని డెల్ఫ్ట్ పట్టణమున బట్టల వర్తకుడైన లీవెన్‌హుక్, తాను సానబట్టిన ఒంటికటకముతో 1670 తరువాతి సంవత్సరములలో ఇట్టి ప్రాణులను చూచి లోకమునకు తెలిపెను.

ఇక అజొల్లా. 1945లో వ్యవసాయ కళాశాల వెలసిన బాపట్ల వరి పరిశోధనకు పేరొందిన చోటు. సాంబమసూరి యని మనము వండుకొను బి.పి.టి. 5204 వరి యిచ్చటనే రూపొంది 1986లో విడుదలయ్యెను. వరిమడి నీటిపై తేలు అజొల్లా ఆకును ఒకదానిని గాజుపలకపై నలిపి చూచినచో, పూసలదండలవంటి నీలియాకుపచ్చ గొలుసులు కనబడును. ఇవి అనబీనా యను సూక్ష్మజీవులు. గాలిలోని నత్రజనిని పైరునకు పనికివచ్చునట్లు మార్చును. గొలుసులో నడుమనడుమ కొంచెము పెద్దవై పాలిపోయిన పూసలే ఆ పని చేయునవి. వీనిని చూచుటకు 40 రెట్ల కటకము వలయును. వస్తువును వలయపు నడిమికి తెచ్చిన పిదపనే కటకమును మార్చవలెను. మార్చిన తరువాత పెద్ద మరను ముట్టరాదు, చిన్న మరనే త్రిప్పవలెను.

పని ముగిసిన పిమ్మట తక్కువ కటకమును క్రిందికి త్రిప్పి, యంత్రముపై ముసుగు వేయవలెను. కటకములను కటకపు కాగితముతోనే తుడువవలెను. పమిటచెంగు పనికిరాదు, దానిలోని ధూళి గీతలు పెట్టును. సముద్రతీరపు తేమకు కటకములపై బూజు పట్టును గనుక పొడి చోటనే యుంచవలెను.

ఇక మొదట చెప్పిన మాటకు వత్తము. 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డు రాస్ అను వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టలో ఆ వ్యాధి బీజములను కనుగొనెను. కోసిన దోమలు ఎగిరిపోవునను భయముచేత ఆయన పంకా నైనను వీయించుకొనలేదు. ఆయన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. మిగిలిన యొక్క అక్షికటకమును పగిలియుండెను. ఎన్నియో దోమలను కోసి యేమియు కానకపోయినను, కననిదానిని కన్నట్లు వ్రాయలేదు. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను.

నేటికిని మలేరియాను నిశ్చయించుటకు రక్తపుబొట్టును రంగువేసి, నూనెచుక్క నడుమనుంచి 100 రెట్ల వస్తుకటకముతో చూచుదురు. కనీసము 100 వలయములు వెదకినగాని ‘లేదు’ అని వ్రాయరాదని నియమము. తీరాంధ్రమును చిరకాలము బాధించిన బోదకాలు వ్యాధికి రక్తమును రాత్రివేళ తీయుదురు. ఆ పురుగుపిల్లలు పైరక్తములోనికి అప్పుడే వచ్చును. ఆసుపత్రుల ప్రయోగశాలలలో ఈ పరీక్షలు చేయువారిలో స్త్రీలును గలరు. పది వలయములు చూచి విసిగి ‘లేదు’ అని వ్రాసినచో రోగికి మందందదు. బడిలో చూడకయే పటము గీచుట కలవాటుపడిన చేయి అట్టి చీటీ వ్రాయుటకు వెనుదీయునా?

కావున తల్లులారా, ఈమాఱు మీయమ్మాయి రికార్డుపుస్తకము తెచ్చినపుడు మార్కులకు ముందు “ఏమి చూచితివి?” అని యడుగుడు. పటము ప్రక్కన ఎన్ని రెట్లో వ్రాసినదా చూడుడు. వంకరగా గీచినను, “నాకు కనబడినది ఇంతియే, ఈ మూల బుడగ యున్నది” యని చెప్పినచో మెచ్చుకొనుడు. యంత్రము బీరువాలోనే యుండి పిల్లల చేతికి రాలేదని తెలిసినచో, ప్రధానోపాధ్యాయులతో మర్యాదగా మాటాడుడు. ఉల్లిగడ్డ మాత్రము మీవంటయింటినుండి పంపవచ్చును.