అసలు 808, నకలు 808: అపోహలు – వాస్తవాలు

ఉస్మానియా క్యాంపస్ హాస్టళ్లలోనూ, తార్నాక వీధుల్లో పై అంతస్తు అద్దె గదుల్లోనూ ల్యాప్‌టాప్ మీద బీట్లు చేసే కుర్రాళ్లు ఇప్పుడు కొత్త కాదు. కాలేజీ ఫెస్ట్‌కు ర్యాప్ అయినా, గణేశ్ మండపానికి తీన్మార్ రీమిక్స్ అయినా అడుగున గుమ్మని మోగేది తరచూ ఒకే రకం కిక్కు. దాని పుట్టిల్లు జపాన్ కంపెనీ రోలండ్ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషిన్. ఆ పెట్టెలు తయారైనవి సుమారు 12 వేలు, 1983కల్లా ఆపేశారు. ఇప్పుడు పాతది దొరికినా లక్షల్లో పలుకుతుంది. అందుకే కొత్త రూపాలు వరస కట్టాయి: రోలండ్ నుంచే 2014లో టీఆర్-8, 2017లో చిన్న సైజు టీఆర్-08, బెహ్రింగర్ నుంచి 2019లో ఆర్‌డీ-8. ఏది మేలన్న వాదన మొదలైతే ఇరానీ చాయ్ చల్లారిపోవాల్సిందే. ఆ వాదనలో తిరిగే మాటల్లో సగం నిలబడేవి కావు.

అపోహ: పాత డ్రమ్ మెషిన్లన్నీ అనలాగ్, అందుకే వాటికి ఆ ‘వార్మ్’ సౌండ్.

వాస్తవం: 808 పూర్తిగా అనలాగే. 1983లో వచ్చిన దాని తమ్ముడు 909 కాదు. అందులో కిక్కు, స్నేర్, టామ్‌లు సర్క్యూట్ నుంచి పుడతాయి. హై-హ్యాట్, సింబల్స్ మాత్రం చిప్పులో దాచిన 6 బిట్ల రికార్డింగులు. రోజర్ లిన్ చేసిన ఎల్ఎం-1 (1980), లిన్‌డ్రమ్ (1982) అయితే నిజం డ్రమ్ముల రికార్డింగుల మీదే నడిచేవి. కాబట్టి లిన్‌డ్రమ్ కొత్త రూపాన్ని ‘ఇది డిజిటల్ కదా’ అని తీసిపారేసేవాళ్లు అసలుదాన్నే తీసిపారేస్తున్నారు.

అపోహ: డిజిటల్ రూపమంటే అసలు మెషిన్‌ను రికార్డు చేసి పెట్టడమే.

వాస్తవం: కాస్త ఓపిగ్గా చూడాల్సిన చోటు ఇదే. 808 కిక్కుకు మూలం బ్రిడ్జ్‌డ్-టి నెట్‌వర్క్. ఈసీఈ పిల్లలు ఈ పేరు క్లాసులో వినే ఉంటారు, అది మోగుతుందని మాత్రం పరీక్షలో ఎవరూ అడగరు. కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్ల అల్లికను ఆంప్లిఫయర్ ఫీడ్‌బ్యాక్‌లో పెడతారు. చిన్న పల్స్ తగలగానే అది సెకనుకు దాదాపు 50 సార్లు ఊగి, మెల్లమెల్లగా సద్దుమణుగుతుంది. ఎంతసేపు ఊగాలో డికే నాబ్ చెబుతుంది. మొదటి దెబ్బ ఇంకా ఊగుతుండగానే రెండో పల్స్ పడిందనుకోండి. ఊపు పైకి వెళ్తుందా కిందికి దిగుతుందా అన్నదాన్ని బట్టి ఆ రెండో దెబ్బ బలంగానో తేలిగ్గానో వస్తుంది. ఒకే ఆడియో ఫైలును వరసగా అతికించుకుంటూ పోతే ఈ తేడా రాదు.

టీఆర్-8, టీఆర్-08లలో 808 శబ్దాలు రికార్డింగులు కావు. సర్క్యూట్‌లో ఏ భాగం ఎలా ప్రవర్తిస్తుందో అప్పటికప్పుడు లెక్కగట్టే ప్రోగ్రాం ఉంటుంది. రోలండ్ దానికి ఏసీబీ అని పేరు పెట్టుకుంది. ఆర్‌డీ-8లో ఉన్నది నిజం సర్క్యూటే. కర్ట్ వెర్నర్, మరో ఇద్దరు కలిసి 2014లో ఈ కిక్కును భాగాలుగా విప్పి, డిజిటల్ నమూనా కట్టి పేపర్ వేశారు. ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వెతుక్కునేవాళ్లకు అంతకన్నా మంచి దారి నాకు తెలీదు.

మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోవాలంటే డికే మొత్తం పెంచి, కిక్కులను కొన్ని దగ్గరగా, కొన్ని ఎడంగా పెట్టి మోగించండి. దెబ్బలన్నీ అచ్చు ఒకేలా ఉంటే అది రికార్డు చేసి పెట్టిన శాంపిలే.

అపోహ: అసలు 808కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: ఏ 808కి? రెసిస్టర్, కెపాసిటర్ విలువలు ఫ్యాక్టరీలోనే కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఆపైన నలభై ఏళ్ల వయసు, రిపేరు చేసినవాళ్ల పనితీరు. కౌబెల్‌నే తీసుకోండి: 540, 800 హెర్ట్జ్ దగ్గర మోగే రెండు ఆసిలేటర్ల కలయిక అది. ఆ రెంటినీ లోపలున్న ట్రిమ్మర్లతో సరిచేయవచ్చు. అంచేత రెండు అసలు మెషిన్లనే పక్కపక్కన పెడితే శ్రుతి కలవకపోవచ్చు.

అపోహ: ఎవరూ కొనక 808 ఆగిపోయింది.

వాస్తవం: అమ్మకాలు గొప్పగా లేని మాట నిజమే. రోలండ్ స్థాపకుడు ఇకుతారో కాకెహాషి చెప్పిన కారణం మాత్రం వేరు. 808లో వినిపించే చరచర శబ్దం కోసం ఆయన లోపమున్న ట్రాన్సిస్టర్లను ఏరి మరీ కొన్నాడు. ట్రాన్సిస్టర్ల తయారీ మెరుగుపడ్డాక లోపమున్నవి దొరకలేదు!

అపోహ: యూట్యూబ్‌లో పోలిక వీడియో వింటే చాలు, తేలిపోతుంది.

వాస్తవం: ఫోనులో వింటే ఏమీ తేలదు. 50 హెర్ట్జ్ శబ్దాన్ని ఫోను స్పీకర్ వినిపించలేదు. మీకు వినబడేది దెబ్బ మొదట్లో వచ్చే ‘టక్’, దాని పైన ఉండే సన్నటి హార్మోనిక్స్. నిమజ్జనం రోజు బండి మీది సబ్‌వూఫర్‌కు తార్నాక మెయిన్ రోడ్డు దుకాణాల షట్టర్లు అదిరితే, ఆ అదురే అసలు కిక్కు. ఇంకో మోసం సౌండు పెంపు. రెంటిలో ఏది కాస్త గట్టిగా మోగితే అదే చెవికి బాగుంటుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రెండు సౌండ్లూ సమానం చేసి, ఏది ఏదో చూడకుండా వినండి. ఘాటుగా వాదించినవాళ్లు చాలామంది అక్కడ తడబడతారు.

అపోహ: ఆక్టోప్యాడ్ కూడా డ్రమ్ మెషినే, తబలా, ఢోలక్ వాళ్ల పొట్ట కొట్టిన మిషన్.

వాస్తవం: 1985లో వచ్చిన మొదటి ఆక్టోప్యాడ్‌కు సొంత శబ్దమే లేదు. వేరే పెట్టెను మోగించే తాకుడు పలక అది. నేటి వాటిలో శబ్దాలున్నా పెళ్లి ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ అన్న వాయించాల్సిందే. తాళం తప్పకుండా చూసుకోవడం ఆయన పనే.

అపోహ: ఇదంతా అమెరికా సరుకు, మన దగ్గరికి ఆలస్యంగా వచ్చింది.

వాస్తవం: సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే బొంబాయిలో 808, టీబీ-303 బేస్ మెషిన్, జూపిటర్-8 సింథసైజర్‌లతో పది రాగాలను డిస్కో తాళంలో రికార్డు చేశాడు. టీబీ-303 శబ్దంతోనే పేరుపడ్డ షికాగో డాన్స్ సంగీతం యాసిడ్ హౌస్‌కు ఆద్యంగా చెప్పే ఫ్యూచర్ బృందం రికార్డు వచ్చింది 1987లో. అంతమాత్రాన యాసిడ్ హౌస్ మనవాడే కనిపెట్టాడనడం మరో అపోహ. ఆ ఆల్బమ్ అప్పట్లో ఆడలేదు, షికాగో కుర్రాళ్ల చెవిన పడ్డ దాఖలా లేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాకే లోకం పట్టించుకుంది.

అపోహ: ఆర్‌డీ-8 లాంటివి దొంగ సరుకు.

వాస్తవం: పేటెంటుకు ఆయుష్షు 20 ఏళ్లే. 1980 నాటి సర్క్యూట్‌ను ఇప్పుడు ఎవరైనా కట్టుకోవచ్చు. పేరు మాత్రం ట్రేడ్‌మార్క్, అందుకే ఆ పెట్టె మీద టీఆర్ అని ఉండదు. మర్యాద కాదని మీకు అనిపిస్తే అనిపించవచ్చు, నేరం మాత్రం కాదు. రోలండ్ చాలాకాలం ప్రోగ్రాం చాలునంటూ వచ్చి, చివరికి 2025 అక్టోబరులో 808, 909 అనలాగ్ సర్క్యూట్లను మళ్లీ పెట్టి టీఆర్-1000 తెచ్చింది. మన రూపాయల్లో అది రెండు లక్షల పైమాటే. హాస్టల్ గదుల్లో బేరం ఇప్పటికీ టీఆర్-08, ఆర్‌డీ-8ల మధ్యే.