షెల్టర్ నుంచి సైనికుడి పక్కకి

హైదరాబాద్‌లో నాగోల్ దగ్గర ఫతుల్లాగూడలో జంతు సంరక్షణ కేంద్రం ఉంది. ఎల్బీ నగర్ వైపు గల్లీల్లో పట్టిన వీధికుక్కలు ఇలాంటి చోటికే చేరతాయి. జంతువుల జనన నియంత్రణపై కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదిలిపెట్టాలి. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఇందులో ఒక మార్పు చేసింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లో పట్టిన కుక్కల్ని మళ్లీ అక్కడ వదలకూడదని, షెల్టర్లలో ఉంచాలని చెప్పింది. ఇక కొన్ని కుక్కలకు షెల్టరే ఇల్లు.

షెల్టర్ కుక్కకి పని నేర్పవచ్చా? అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన 'కే నైన్స్ ఫర్ వారియర్స్' అనే సంస్థ 2011 నుంచి ఆ పనే చేస్తోంది. షెల్టర్ల నుంచి తెచ్చిన కుక్కలకి నెలల తరబడి తర్ఫీదు ఇచ్చి, పీటీఎస్‌డీ (భయంకర అనుభవం మనసును వదలకుండా వెంటాడే జబ్బు) ఉన్న మాజీ సైనికులకు అప్పగిస్తుంది.

ఈ జబ్బు ఉన్న మనిషి ఒంట్లో ప్రమాద ఘంటిక ఆగదు. నిద్రలో కేకలు వేస్తాడు. జనంలో వెనక ఎవరున్నారోనని తిరిగి చూస్తూనే ఉంటాడు. కుక్క అతని ఊపిరిలో, కదలికల్లో వచ్చే తేడాను ముందే పసిగడుతుంది. పీడకల మొదలైతే మూతితో పొడిచి లేపుతుంది. గుబులు పెరిగితే ఒడిలో బరువంతా వేసి పడుకుంటుంది. క్యూలో అతని వెనక నిలబడి కాస్త ఎడం ఉంచుతుంది. దానికి తిండి పెట్టాలి, నడిపించాలి కాబట్టి గడప దాటని మనిషి కూడా బయటికొస్తాడు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

2024లో వెలువడిన ఒక అధ్యయనంలో 156 మంది మాజీ సైనికుల్ని పరిశీలించారు. మూడు నెలల తర్వాత చూస్తే, కుక్క ఉన్నవారిలో జబ్బు లక్షణాలు, దిగులు, ఆందోళన తక్కువగా కనిపించాయి. మందుల్నీ కౌన్సెలింగ్‌నీ మానేయాలని దీనర్థం కాదు. వాటికి ఇది తోడు.

ఈ జబ్బు సైనికులకే పరిమితం కాదు. 2013 ఫిబ్రవరి 21న జంట పేలుళ్లు చూసిన దిల్‌సుఖ్‌నగర్‌కి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే ప్రతి కుక్కా ఈ పనికి రాదు. టపాసులకి వణికేది, కొత్తవారిని చూసి పళ్లు బయటపెట్టేది పనికిరాదు. జాతి అడ్డు కాదు. పశ్చిమ బెంగాల్ పోలీసులు ఆశా అనే వీధికుక్కకి వాసన పట్టే పని నేర్పారు. చూడాల్సింది స్వభావమే. మన షెల్టర్లలో టీకా తేదీ పక్కనే ఇంకో గడి గీసి, ఏ కుక్క చప్పుడుకి బెదరదో, ఏది పిలవగానే చేతి దగ్గరికి వస్తుందో రాసి పెట్టడం రేపే మొదలుపెట్టొచ్చు.