పండ్లరసమున నిలుచునదేమి, నశించునదేమి

వేసవి వచ్చినదనగా గోదావరి డెల్టాలోని ఆత్రేయపురమున మామిడి తాండ్ర చేయు సందడి మొదలగును. బాగుగా పండిన మామిడిపండ్ల రసము తీసి, పంచదారగాని బెల్లముగాని కలిపి, ఎండలో పరచిన చాపలపై పలుచగా పూయుదురు. ఒక పొర ఆరిన పిమ్మట దానిపై మరియొక పొర వేయుదురు. ఇట్లు కొన్ని దినములు గడచునప్పటికి రసములోని నీరు ఆవిరియైపోయి, దళసరియైన తీయని తాండ్ర మిగులును. నాలుగు దినములలో క్రుళ్లిపోవలసిన పండు ఈ రూపమున కొన్ని నెలలపాటు నిలువయుండును.

ఇందలి సూత్రము సులభమైనది. ఆహారపదార్థములను చెడగొట్టు సూక్ష్మజీవులు నీరు లేనిదే వృద్ధి పొందజాలవు. రసము చిక్కబడి అందలి చక్కెరపాలు హెచ్చినకొలది వాటికి తావు తగ్గిపోవును. ఎండబెట్టిన వడియములు, ఒరుగులు ఏడాది పొడుగున నిలువయుండుటకును కారణమిదియే. అయితే నీటితోపాటు పండులోని పోషకపదార్థములు కూడ పోవునా? నిలువచేసిన రసము శరీరమునకు తాజా రసమంత మేలు చేయునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న, మొదట రసములో నేమేమి కలవో తెలిసికొనవలెను.

నారింజరసమునే ఉదాహరణముగా తీసికొనవచ్చును. కోస్తాలో బత్తాయి యనియు, రాయలసీమలో చీనీ యనియు పిలువబడు పండును, అమెరికాలో రసమునకై పెంచు తీపి నారింజయు వృక్షశాస్త్రము ప్రకారము ఒకే జాతికి చెందినవి. అప్పుడే పిండిన నారింజరసము 100 గ్రాములలో సుమారు 88 గ్రాములు నీరే. చక్కెరలు 8 గ్రాములకు పైగా నుండును. పొటాసియము దాదాపు 200 మిల్లీగ్రాములు, విటమిన్ సి దాదాపు 50 మిల్లీగ్రాములు, ఫోలేట్ అను మరియొక విటమిన్ దాదాపు 30 మైక్రోగ్రాములు ఉండును. వీటిలో చక్కెరయు, పొటాసియమును వేడికి అంతగా చెడవు. విటమిన్లు అట్టివి కావు. వాటి పరిమాణము స్వల్పము, సున్నితత్వము అధికము.

విటమిన్ సి లోపించినవారికి స్కర్వీ వ్యాధి కలుగును. చిగుళ్లు వాచి నెత్తురు కారును, పండ్లు కదలును, పాత గాయములు మరల రేగును. పూర్వము నెలల తరబడి సముద్రముపై ప్రయాణము చేసిన నావికులు ఈ వ్యాధివలన వేలకొలది మరణించిరి. 1747వ సంవత్సరమున జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు పండ్రెండుగురు రోగులను ఇద్దరిద్దరి చొప్పున విభజించి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క వస్తువు నిచ్చి చూచెను. నారింజలు, నిమ్మపండ్లు తినిన ఇరువురు మాత్రము త్వరలో కోలుకొనిరి. ఆ పండ్లలోని గుణము విటమిన్ సి యని తేలుటకు మరి రెండు శతాబ్దములు పట్టెను. దానిని వేరుచేసిన హంగేరీ శాస్త్రజ్ఞుడు సెంట్‌జార్జికి 1937లో నోబెల్ బహుమానము లభించెను. ఈ విటమిన్‌కు వేడియు, గాలియు పరమశత్రువులు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున దూరదేశములలో పోరాడు సైనికులకు విటమిన్ సి పంపవలసిన యవసరము అమెరికాకు కలిగెను. డబ్బాలలో కాచి నింపిన రసమునకు ఉడికిన వాసన వచ్చి, త్రాగువారికి రుచింపకుండెను. ఫ్లారిడా రాష్ట్రమున మెక్‌డోవెల్, మూర్, ఆట్కిన్స్ అను ముగ్గురు పరిశోధకులు దీనికి ఉపాయము కనుగొనిరి. ఎత్తైన కొండలపై గాలి ఒత్తిడి తక్కువగుటచే, నీరు మైదానములలోకన్న తక్కువ వేడికే మరుగును. అదే రీతిని పాత్రలోని గాలిని యంత్రముతో తీసివేసినచో, గోరువెచ్చని రసమునుండియే నీరు ఆవిరియై పోవును. ఇట్లు రసమును కావలసిన దానికన్న ఎక్కువ చిక్కబరచి, పోయిన పరిమళము మరల వచ్చుటకై కొంత తాజా రసము కలిపి, గడ్డకట్టించిరి. ఈ పద్ధతికి 1948లో పేటెంటు లభించెను. త్రాగదలచినవారు ఒక పాలు చిక్కని రసమునకు మూడు పాళ్లు నీరు కలిపికొందురు.

ఇట్లు నీరు కలిపిన రసము 100 గ్రాములలో విటమిన్ సి సుమారు 40 మిల్లీగ్రాములు, ఫోలేట్ సుమారు 40 మైక్రోగ్రాములు, పొటాసియము సుమారు 190 మిల్లీగ్రాములు ఉండును. తాజా రసముతో పోల్చినచో నష్టము స్వల్పమే. మనదేశమున వయోజనుడగు పురుషునకు దినమునకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి కావలెనని 2020లో పోషకాహార నిపుణులు నిర్ణయించిరి. పెద్ద గ్లాసెడు రసము ఆ లెక్కను పూర్తిచేయును. అయితే నీరు కలిపిన రసమును చాలసేపు గాలి తగులునట్లు ఉంచరాదు. విటమిన్ క్రమముగా నశించును.

ఈ రసములోని ఫోలేట్‌కును గోదావరి మండలమునకును ఒక సంబంధము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమహేంద్రవరమున కొంతకాలము చదివి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించెను. అతని సోదరులిరువురు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి బలియైరి. అతడును అదే వ్యాధితో బాధపడెను. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి మనుష్యుడు కృశించిపోవు వ్యాధి యది. సుబ్బారావు అమెరికాకు పోయి, పరిశోధనకే జీవితము నర్పించెను. అతని నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయమునందలి శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ వ్యాధిలో కలుగు రక్తహీనతకు అది ఔషధమయ్యెను. పండ్లలోను, ఆకుకూరలలోను ప్రకృతి ఫోలేట్ రూపమున ఉంచిన పదార్థమే యిది. తన యింట ఇద్దరిని పోగొట్టుకొనిన వ్యాధికి మందు చూచి, సుబ్బారావు 1948లో పరదేశముననే కన్నుమూసెను.

ఇక తాండ్ర మాట. దినముల తరబడి ఎండలోను గాలిలోను ఆరుటచే అందలి విటమిన్ సి చాలవరకు నశించును. మామిడికి పచ్చని రంగు నిచ్చు కెరోటిన్ కొంత పోయినను కొంత మిగులును. శరీరము దానిని విటమిన్ ఏగా మార్చుకొనును. చక్కెర మాత్రము చిక్కబడి నిలుచును. కాబట్టి తాండ్ర రుచికిని, బలమునకును తినదగినదే గాని విటమిన్ సి కొరకు నమ్మదగినది కాదు. అంతమాత్రమున దానిని తక్కువగా చూడరాదు. గడ్డకట్టించిన రసమునకు కర్మాగారము మొదలు ఇంటివరకు ఎడతెగని శీతలము కావలెను; మార్గమధ్యమున విద్యుత్తు ఆగినచో శ్రమయంతయు వ్యర్థము. తాండ్రకు ఎండయొక్కటి చాలును.

ఎంత నేర్పుతో నిలువచేసినను రసమునకొక లోపము తప్పదు. 100 గ్రాముల నారింజ తొనలలో 2 గ్రాములకు పైగా పీచుపదార్థముండగా, రసములో అది దాదాపు శూన్యము. పీచు లేకపోవుటచే చక్కెర త్వరగా రక్తములో చేరును. అందుచే పండు దొరకునప్పుడు పండునే తినుట మేలు, దొరకనప్పుడు రసము. అదియును పంచదార కలపనిదై యుండవలెను. పెరటిలోని జామపండు 100 గ్రాములలో విటమిన్ సి సుమారు 200 మిల్లీగ్రాములు, అనగా నారింజకు నాలుగు రెట్లుండును. దానికి యంత్రమక్కరలేదు, మంచుపెట్టె అక్కరలేదు. చెట్టునుండి కోసి, కడిగి తినుటయే దానిని భద్రపరచు పద్ధతి.